మనవాళ్లున్న ఊరు

ఇంటర్ పరీక్షలు రాసి, ఆపైన ఎంట్రన్సూ రాసి వచ్చాక ఇక హాయిగా నిద్రపోవచ్చనుకున్నాను. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. మార్కులు బాగానే వచ్చాయి. ఏయే కాలేజీలకు దరఖాస్తు పెట్టాలో తేల్చుకోవడానికి వారం గడువుంది. నాకు ఎకనామిక్స్ చదవాలని, అదీ ఢిల్లీలో చదవాలని పదో తరగతి నుంచీ కోరిక. దిష్టి తగులుతుందేమోనని అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. కాలేజీ మంచిదా కాదా అని మా ఇంట్లో ఎవరూ అడగరు. ఢిల్లీ అనగానే నానమ్మ వక్క కొరకడం ఆపింది.

"ఆ ఊల్లో మనోలు ఎవులున్నారే?"

ఎవరూ లేరు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని ఆవిడ మళ్లీ వక్క నోట్లో వేసుకుంది.

హైదరాబాదులో చిన్నాన్న ఉన్నాడు గానీ ఇల్లు ఇరుకు. పుణేలో అమ్మకు అక్క వరస ఆవిడ ఉంది గానీ మాటల్లేవు. విశాఖలో మేనత్త, మావ ఉన్నారు. వారమంతా ఫోన్లే ఫోన్లు. నేను సెల్‌లో కాలేజీల వివరాలు చూపిస్తుంటే నాన్న చుట్టాలను తలుచుకుంటూ కూర్చునేవారు. పెళ్లి సంబంధాలకు కూడా మా వాళ్లు ఇంత వాకబు చెయ్యరు.

నాకూ పంతం వచ్చింది. మా వీధిలో నేను అన్నా అని పిలిచే ఒకతను ఢిల్లీలో భవనాల పనికి వెళ్లాడు, మనూరివాడే కదా అన్నాను.

"మేస్త్రీ పనికెల్లినోడు మనకి సుట్టమేటే?" అని అమ్మ కసిరింది. ఊరికొచ్చినప్పుడల్లా అతను మా అరుగు మీద కూర్చుని అమ్మ పెట్టిన టీ తాగేవాడు. ఆ మాటా అన్నాను. లాభం లేకపోయింది.

ఆఖరి రోజు అత్త అమ్మకు ఫోన్ చేసింది. "ఏటొదినా అంత ఆలోసన? గుంటని నా కాడికి అంపీ. నా కూతుర్లాగ సూసుకుంటాను."

ఢిల్లీ కూడా పెడదామా అని నాన్నను చివరిసారి అడిగాను. ఆయన కోప్పడలేదు. "అలిసిపోనాను తల్లీ, ఇంక ఆ మాట ఒగ్గీ" అన్నారు. నేనూ అలిసిపోయాను. విశాఖ ఒక్కటే పెట్టాను.

అత్త మాట తప్పలేదు, బాగా చూసుకుంది. కానీ ఏడాది తిరగకముందే మావకు రాయపూర్ బదిలీ అయింది. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు, నేను హాస్టల్లో చేరాను. జ్వరమొస్తే పక్క మంచం అమ్మాయి గంజి తెచ్చిపెట్టింది. ఇంటికి వచ్చెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. పిల్ల ఒక్కతీ ఉండగలుగుతోంది కదా, ఇక బెంగ దేనికి అనుకున్నారు ఇంట్లో. ఆ మాటేదో ముందే అనుకుని ఉంటే నేను ఢిల్లీలో ఉండేదాన్ని. నాకు ఒళ్లు మండింది. కొన్నాళ్లకు మండే ఓపికా పోయింది.

ఇప్పుడు చెల్లి ఇంటర్ రెండో ఏడు. బెంగళూరులో డిజైన్ చదవాలని ఉందని నాకొక్కదానికే చెప్పింది. మొన్న నాన్న ఫోన్ చేశారు. గొంతులో ఎంత నిశ్చింతో!

"సెల్లికి ఈపాలి ఎతుకులాట నేదమ్మా. ఇసాపట్నమే. అక్కడ నువ్వున్నావు గదా."

"నేనున్నానని దాన్ని ఇక్కడికి అంపొద్దు నాన్నా. దానికెక్కడ ఇష్టమో అడగండి" అన్నాను.

నాన్న చేతిలోంచి ఫోన్ అమ్మ తీసుకుంది.

"ఏటే, సెల్లి నీకప్పుడే బరువైపోనాదా?"