ఆరున్నర చుట్లు

ఆ ఏప్రిల్ నెల పొడుగునా హెల్కా మేడ మెట్లు వెనక్కి తిరిగే దిగింది. అందరిలా ముందుకు తిరిగి దిగితే తొడలు రెండూ ప్రాణం తీసేవి. కమ్మీని రెండు చేతులా పట్టుకుని, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టే కాలితో తడుముకుంటూ వచ్చేది. కింద వంటింట్లో రై రొట్టె మీద వెన్న రాసుకుంటూ ఓట్సో ఈ తమాషా రోజూ చూసేవాడు. ఇద్దరూ కవలలు. వాడు ఆమెకన్నా పదకొండు నిమిషాలు చిన్న.

"ఇంకో మూడు మెట్లే అక్కా. లారీ వెనక్కొస్తుంటే మోగుతుందే, అట్లా బీప్ బీప్ మననా?"

"నోర్మూసుకుని తిను."

"ఇవాళైనా పరుగు మానెయ్యవే. కుర్చీలో కూర్చోడానికే అమ్మమ్మ సాయం పట్టాలి నీకు."

హెల్కా మానలేదు. కుర్చీలో కూర్చునేటప్పుడు బల్ల అంచు పట్టుకుని ఒక్కసారిగా కూలబడేది. అంతకు ముందురోజు బరువులెత్తిన చేతులు తలదాకా లేవకపోతే, తలనే చేతుల దగ్గరికి వంచి జుట్టు ముడేసుకునేది. తర్వాత బూట్లు తొడుక్కుని, బురదా మంచూ కలిసిపోయిన అడవి బాటలోకి పోయేది. మొదటి కిలోమీటరు కుంటినడక. ఆ తర్వాత కండరాలు కాస్త వేడెక్కి, ఇక దీనితో పెట్టుకుని లాభం లేదన్నట్టు ఊరుకునేవి.

ఇదంతా ఎందుకంటే, పద్నాలుగో ఏట చిత్తడి నేలలో పండ్లు ఏరుతూ ఆమె దారి తప్పింది. ఆరు గంటల తర్వాత సరిహద్దు దళంలో పనిచేసే ఒకావిడ కుక్కతో సహా వచ్చి వెతికి పట్టుకుంది. ఆవిడ కేకలెయ్యలేదు, జాలిపడలేదు. ఫ్లాస్కులో కాఫీ ఇచ్చి, "నా అడుగుల్లోనే అడుగులెయ్యి" అంది. ఆరోజు నుంచి హెల్కాకి మరో కోరిక లేదు. ఆ దళంలో శిక్షణకి వెళ్ళాలి. దానికో పరీక్ష ఉంది. పన్నెండు నిమిషాల్లో మైదానం చుట్టూ ఆరున్నర చుట్లు పరుగెత్తాలి. జనవరిలో ఆమె పరుగెత్తింది అయిదున్నర. ఏప్రిల్ మొదటికి ఆరు మీద కొంచెం.

మా దేశంలో మగపిల్లలకి పద్ధెనిమిదేళ్ళు నిండితే సైన్యమే ఉత్తరం రాసి పిలుస్తుంది. ఆడపిల్లలు మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి. ఓట్సోకి ఉత్తరం తేరగా వచ్చింది. దాన్ని వాడు నెలరోజులు కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు. హెల్కా తన దరఖాస్తు నాలుగుసార్లు చిత్తు రాసింది. అప్పుడే ఆమెకి కాస్త మండింది, నిజమే. కానీ అసలు మంట ఫిబ్రవరిలో రేగింది. గడువు ముగిసే రోజున ఓట్సో కూడా అదే దళానికి దరఖాస్తు పెట్టాడు.

"ఎందుకురా నీకు? నీకు పొద్దున్నే లేవడమే చేతకాదు."

"ఏమో, పెట్టాలనిపించింది. పెట్టాను."

ఆ వారమే బడి మైదానంలో హెల్కా చుట్లు కొడుతుంటే వచ్చి, చేతిలోని సాసేజీ తినడం ముగించి, జీన్సు ప్యాంటుతోనే పక్కన పరుగు మొదలెట్టాడు. పన్నెండు నిమిషాల్లో ఏడు చుట్లు. ఆగి, మూతికంటిన ఆవాల ముద్ద తుడుచుకున్నాడు. మర్నాడు వాడు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగుతుంటే హెల్కా కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. ఉండబట్టలేక వాడి పిక్క పట్టుకుని గట్టిగా నొక్కింది.

"నొప్పి లేదూ?"

"ఎందుకుండాలి?"

ఆ జవాబు ఆమెకి నెలల తరబడి అరగలేదు. వాడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచినా కుళ్ళే. వంగి సాక్సు తీసుకున్నా కుళ్ళే. వాడు తుమ్మితే తనకి పొట్ట కండరాలు పీకుతున్నాయని గుర్తొచ్చేది. ఒక్క కడుపునే పుట్టారు, ఒక్క పాలే తాగారు. పంచేటప్పుడు ఊపిరితిత్తులన్నీ వాడికే ఎందుకు పోయాయో ఆమెకి అర్థమయ్యేది కాదు.

అమ్మమ్మ సాయ్‌మి దగ్గర గుర్రాలకి రాసే మందొకటి ఉండేది. కర్పూరం వాసన ఇల్లంతా కమ్మేది. హెల్కా బోర్లా పడుకుంటే పిక్కల మీద అది పోసి, రొట్టెపిండి పిసికినట్టు పిసికేది.

"అమ్మమ్మా, మండుతోంది!"

"మీ తాత మూడు గుర్రాలకీ ఇదే రాశాడు. ఒక్కటైనా అరిచిందా?"

"వాడికెందుకు రాయవు?"

"వాడికి నొప్పి లేదుగా. లేని రోగానికి మందేంటే?"

పరీక్షకి పిలుస్తూ వచ్చిన కాగితంలో ఒక వాక్యం ఉంది. అర్హుల్లో మేటివాళ్ళని తీసుకుంటాం, అని. హెల్కా దాన్ని యాభైసార్లు చదివి తనకి తోచిన అర్థం తీసుకుంది. ఒకే చిరునామా నుంచి ఇద్దరు. ఒకడు ఏడు చుట్లవాడు. తీసుకుంటే ఒక్కణ్ణే తీసుకుంటారు, ఆ ఒక్కడు ఎవరో చెప్పనక్కర్లేదు. ఇది ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవర్నీ అడగనూ లేదు. కుళ్ళుమోతుకి తన అనుమానమే సాక్ష్యం.

పరీక్ష ముందురోజు సాయంత్రం అమ్మమ్మ సౌనా వెలిగించింది. పెళ్ళయినా, అంత్యక్రియలైనా, పరీక్షయినా ముందురోజు ఆ చెక్కగదిలో కూర్చుని ఒళ్ళంతా చెమటోడ్చకుండా మా వాళ్ళు గడప దాటరు. అందులో ఇంకో సంగతి ఉంది. పై బల్ల మీద ఇద్దరు కూర్చున్నాక ముందు లేచినవాడు ఓడినట్టు. ఎవరు పెట్టిన నియమమో తెలీదుగానీ, దాన్ని తప్పినవాణ్ణి నేను చూడలేదు. ఈ ఒక్క ఆటలో మాత్రం చిన్నప్పట్నుంచీ హెల్కాదే పైచేయి.

వంటింట్లో ఆమె కూజాలో సగం నీళ్ళు గటగటా తాగింది. ఓట్సో అప్పుడే ఉప్పుచేప, బంగాళాదుంపలు తిని లేచాడు. నీళ్ళు తాగలేదు. అది ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

తువ్వాళ్ళు చుట్టుకుని ఇద్దరూ పై బల్ల ఎక్కారు. పొయ్యి వైపు హెల్కా కూర్చుని గరిటె చేతిలోకి తీసుకుంది. కాలిన రాళ్ళ మీద నీళ్ళు చల్లితే, ఆవిరి పైకప్పుకి తగిలి చెవులమీదికి దిగింది.

"ఇంకో గరిటె పొయ్యనా? బాబుకి ఉడుకుతోందా?"

"పొయ్యవే. నాకు చలేస్తోంది."

పోసింది. పులిసిపోయిన తొడలు వేడికి మెత్తబడుతుంటే ఆమెకి హాయిగా ఉంది. వాడి మొహం ఎర్రబడింది. ఇంకో గరిటె. ఇంకోటి. పావుగంటకి ఓట్సో మోకాళ్ళ మీద మోచేతులు ఆనించాడు.

"అక్కా, రేపు పరుగుంది గదే. ఇద్దరం ఒక్కసారే లేద్దామా?"

లేస్తే అయిపోయేది. ఎవరూ ఓడినట్టు కాదు. హెల్కాకి ఆ మాట వినిపించింది, అర్థమైంది కూడా.

"లేవాలనుంటే నువ్వు లే. తలుపక్కడే ఉంది."

మరో గరిటె పోసింది. ఆ తర్వాత ఇంకో మూడు. ఎర్రగా ఉన్న మొహం తెల్లబడడం మొదలైంది. హెల్కా అది కూడా చూసింది.

అమ్మమ్మ తలుపు మీద బాదింది. "లోపల మాంసం ఉడకేస్తున్నారా ఏంటి? ముప్పావుగంటయింది!"

ఓట్సో లేచాడు. బల్ల దిగుతూ జారి, గోడ పట్టుకుని బయటపడ్డాడు. మెట్టు మీద కూర్చుని తిన్నదంతా మంచులో కక్కుకున్నాడు. అమ్మమ్మ నీళ్ళు పట్టిస్తే అవీ నిలవలేదు. "నేనే గెలిచా" అంది హెల్కా గుమ్మంలోంచి. సంతోషంగానే అంది.

మర్నాడు పరీక్ష మైదానంలో పక్కలకి ఎత్తిపోసిన మంచు ఇంకా కరగలేదు. యాభైమంది దాకా వచ్చారు. ఈల ఊదగానే ఓట్సో ముందుకి పోయాడు. మూడు చుట్లదాకా వాడి వీపు ఆమెకి దూరంగానే ఉంది. నాలుగో చుట్టులో ఆ వీపు దగ్గరికి రావడం మొదలెట్టింది. అయిదులో హెల్కా పిక్కలు పట్టేశాయి. అడుగేస్తే మేకు దిగినట్టుంది. అలవాటైన నొప్పే కదా అనుకుని, పళ్ళు బిగించి పోయింది. ఆరో చుట్టు మొదట్లో వాణ్ణి దాటింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి వాడికి.

"పో పో, ఆగకు," అన్నాడు.

రెండో ఈల ఊదగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. హెల్కా ఆరున్నర చుట్ల గీతకి ఇరవై మీటర్లు అవతల ఉంది. వెనక్కి తిరిగి చూసింది. ఓట్సో గీతకి నలభై మీటర్ల ఇవతల, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫిబ్రవరి నుంచి ఆమె ఎదురుచూసిన దృశ్యం అదే.

పేర్లు రాసుకుంటున్న అధికారిణి కాగితంలో ఇంటిపేరు రెండుసార్లు చూసి తలెత్తింది.

"ఆ అబ్బాయి మీ తమ్ముడా? అయ్యో. ఈసారి మాకు మనుషులే చాలలేదమ్మా, ఇంకా ఎనిమిది ఖాళీలున్నాయి. గీత దాటిన ప్రతివాళ్ళనీ తీసుకున్నాం. ఇంకో నలభై మీటర్లు వచ్చుంటే ఇద్దరూ కలిసే వచ్చేవాళ్ళు."

హెల్కా సంతకం పెట్టింది. అభినందనలు చెప్తే థాంక్స్ అంది.

తిరుగు ప్రయాణంలో ఓట్సోయే కారు నడిపాడు. ఆమె కాలు క్లచ్ తొక్కే స్థితిలో లేదు. సగం దూరం వచ్చాక ఆమె కిటికీ వైపు చూస్తూనే చెప్పేసింది.

"నీళ్ళు నేను కావాలనే పోశాన్రా. నువ్వు పరిగెత్తలేకుండా చేద్దామని."

"తెలుసు."

"తెలుసా? మరి లేవొచ్చుగా వెధవా!"

"నువ్వు లేస్తావనుకున్నా."

అంతే అన్నాడు. కోపంగా కాదు, వాన వస్తుందనుకున్నా రాలేదు అన్నట్టు. గేరు మార్చి మళ్ళీ తనే అన్నాడు: "ఇద్దరం ఒకచోట ఉంటే బావుంటుందనే దరఖాస్తు పెట్టా. సరేలే. జూలైలో మామూలు దళంలోకి పిలుస్తారు, పోతా. అదుగో పెట్రోలు బంకు. ఆకలేస్తోంది, సాసేజీ తిందాం."

రెండు తిన్నాడు. ఆమెకీ ఒకటి కొనిచ్చాడు. అది ఆమె కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ ఏలకుల బన్నులు చేసి ఉంచింది. ఒకరు గెలిచినందుకు, ఒకరు ఓడినందుకు అని ఇద్దరి బుగ్గలూ నిమిరింది. ఓట్సో బన్ను తిని, బూట్లు విడిచి సోఫాలో వాలాడు. అమ్మమ్మ వాడి కప్పు కడిగి బోర్లించేలోపు గురక పెడుతున్నాడు.

హెల్కా వాడి తలదగ్గర నిలబడి చూసింది. ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికందింది. కాళ్ళు మండుతున్నాయి, ఒళ్ళు హూనమైంది, కానీ పడుకుంటే తనకి నిద్ర రాదని తెలుసు. ఓడిపోయినవాడు, మోసపోయినవాడు, ఇంత సాయంత్రం వెలుతురులో నోరు తెరుచుకుని ఎంత సుఖంగా నిద్రపోతున్నాడో చూసి, ఆమెకి మళ్ళీ కుళ్ళొచ్చింది.