కర్రెద్దు కుడికాలు

నిన్న మొయినాబాద్‌లో సిమెంటు రోడ్డు మీద గుర్రపు నాడాల చప్పుడు విని ఆగిపోయాను. ఫామ్‌హౌసుకు వచ్చినవాళ్ల పిల్లలను ఎక్కించుకుని తిప్పే గుర్రం అది. నాలుగు అడుగుల్లో ఒకటి మెత్తగా పడుతోంది. నొప్పి ఆ కాల్లోనే. తోలేవాడికి చెవులు లేవా అని ఒళ్లు మండింది. పిల్లలను దించేదాకా తిట్టాను. ఆ వినికిడి నాకు నేర్పినవాడు చేవెళ్లలో ఎడ్లకు నాడాలు కొట్టి బతికిన మల్లయ్య.

సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో నా కర్రెద్దు కుంటడం మొదలుపెట్టింది. బడి మెట్టు ఎక్కకపోయినా పుస్తకాలు చదివినవాణ్ణి కదా, ఎవరినీ అడగలేదు. ముందరి ఎడమకాలు ఆనినప్పుడల్లా తల వంచుతోంది కాబట్టి ఎడమ జబ్బ కండ పోయిందని నేనే తేల్చాను. ఎనిమిది రోజులు అక్కడే ఆముదం రాశాను. కుంటు పెరిగింది. చివరికి ఏడుపు దిగమింగుకుని, కోతకు కొనే బేరగాణ్ణి పిలిచాను. వాడు ఎద్దు తాడు పట్టుకుని వాకిలి దాటబోతుంటే మల్లయ్య ఎదురొచ్చాడు.

“జర ఆగు,” అని వాణ్ణి నిలిపి, ఎద్దును నెమ్మదిగా నడిపించమన్నాడు. నా అరచేతిని దాని కుడి జబ్బ మీద పెట్టాడు.

“కాలు ఆనినప్పుడు కండ బిగుస్తున్నదా?”

“సగమే బిగుస్తున్నది, కాకా.”

“ఇగ ఎడమది పట్టు.”

ఆముదం జిడ్డు కింద కండ రాయిలా ఉంది.

“ఎనక కాళ్లు తోస్తయి, ముందు కాళ్లు మోస్తయి. ఒకటి మొయ్యకుంటే దాని బరువు గూడ ఇంకోటి ఎత్తుకుంటది. నొప్పి కాలు ఆనితే తల పైకి లేపుతది, మంచి కాలు మీదికి వంచుతది. నువ్వేమో కష్టం చేసేదానికి మందు రాసినవ్!”

“పుస్తకంల గట్లనే...”

“పుస్తకం నడుస్తదార, యాదగిరీ?”

బేరగాడు కూడా నవ్వాడు. మల్లయ్య కుడికాలు ఎత్తి డెక్కల సందు చూశాడు. ప్లాట్ల కంచె కట్టిన తీగ ముక్క లోపలికి దిగి ఉంది. లాగగానే చీము వచ్చింది. గాయం కడిగి, వేపాకు నూరి కట్టాడు. ఎద్దు ఆ కాలిని మెల్లగా నేలకు ఆనించింది, మళ్లీ ఎత్తలేదు.

“పాయె నా బేరం,” అంటూ బేరగాడు తాడు నా చేతిలో పెట్టాడు. దాన్ని గుంజకు కట్టి, ఎద్దు మెడ మీద చెయ్యి వేశాను. ఎనిమిది రోజుల తర్వాత ఊపిరి నిండుగా తీసుకున్నది అప్పుడే.

మల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. నా కోపం తగ్గలేదు, నోరూ తగ్గలేదు. కానీ తప్పు ఫలానావాడిదే అని తేల్చి చెప్పబోతే మాత్రం అరచెయ్యి ఊరుకోదు. రెండో వైపు కూడా పట్టి చూడమంటుంది.