షంషాద్‌బీ దానిమ్మ అంచు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసేవాళ్లలో ఖలందర్‌ది మంచి చెయ్యి. అయితే అతని భార్య షంషాద్‌బీది అంతకంటే మంచి చెయ్యి. ఊళ్లో ఎవరూ ఒప్పుకోకపోయినా ఖలందర్ మాత్రం అందరితోనూ ఇదే చెప్పేవాడు. పాపం, ఆ యమ్మ మంచం పట్టినాక కూడా ఒడిలో అట్ట పెట్టుకుని ఒక దానిమ్మ అంచు గీసింది. అది ముగించిన కొన్నాళ్లకే కన్నుమూసింది.

పెనుకొండలో ఉండే ఆమె తల్లి ఖైరున్‌బీ అల్లుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డ గీసిన అంచుతో ఒక్క చీర నేయించియ్యప్పా. సచ్చేలోగా కట్టుకుంటా."

"నేయిస్తా అత్తా," అన్నాడు ఖలందర్.

హిందూపురంలో చీరల వ్యాపారి శంకరప్ప కంప్యూటర్ కొన్నది ఆ ఏడే, ఎనభై ఎనిమిదిలో. ఖలందర్ రోజూ రైలెక్కి పోయి, కాగితం మీది గళ్లను ఒక్కొక్కటే అందులోకి ఎక్కించేవాడు. డిజైన్ దొంగలంటే శంకరప్పకు హడలు. ఎక్కించిన కాగితం పొయ్యిలో పెట్టాల్సిందే, ఫ్లాపీలో నకలు తీయకూడదు. ఖలందర్‌కు ఇది కొత్తేం కాదు. డిజైన్ ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టినాక కాగితం కాల్చేయడం వాళ్ల నాయన కాలం నుంచీ ఉన్నదే. దానిమ్మ కాగితం కూడా అట్లే కాల్చినాడు. చేతులెట్లా వచ్చినాయో ఆ మనిషికి! పెళ్లిళ్ల సీజన్ అయిపోతే మగ్గం ఖాళీ అవుతుంది, అప్పుడు నేయిద్దామనుకున్నాడు.

ఇంతలో శంకరప్ప బెంగళూరు నుంచి కొత్త ప్రోగ్రామ్ తెచ్చినాడు. అది కంప్యూటర్‌ను నడిపే డాస్ మీద పనిచేయదు, దానికి యునిక్స్ అనే ఇంకో వ్యవస్థ కావాలంట.

"డాస్ అట్లే ఉండనీ, పక్కన ఇది కూడా ఎక్కించు. ఒకే డబ్బాలో రెండూ ఉంటాయంట," అన్నాడు ఖలందర్‌తో.

"దాన్ని ఎక్కించే బెంగళూరాయప్ప సోమవారం వస్తానన్నాడు కదన్నా."

"అంతవరకూ కాసుక్కూచోవాల్నా? నీకు రాదేందప్పా?"

ఆ మాట తగిలింది ఖలందర్‌కు. ప్రోగ్రామ్‌తో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. కొత్తదానికి చోటు కావాలంటే డిస్కులో పాత భాగం తీసేయాలి, సరేనా అని అడిగింది కంప్యూటర్. మగ్గం మీద పుట్టి పెరిగినోడు కదా, మగ్గం లెక్కే వేసినాడు. కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పడుగు తీసి, చుట్టి, పక్కన పెడతారు. కావాలన్నప్పుడు మళ్లీ పోగుకు పోగు అతుకుతారు. తీసేయడమంటే అంతే కదా అనుకుని, సరేనని మీట నొక్కినాడు.

యునిక్స్ బ్రహ్మాండంగా ఎక్కింది. డాస్ కూడా పక్క భాగంలో మళ్లీ ఎక్కింది. డిజైన్లే లేవు.

సోమవారం వచ్చిన బెంగళూరాయన చూసి తల అడ్డంగా ఊపినాడు. "తీసేస్తే పోయినట్టేనండీ. ఇంక రావు." శంకరప్ప నోటికొచ్చినట్టు తిట్టినాడు గానీ, సాయంత్రానికి చల్లబడినాడు. మిగతావన్నీ నేసిన డిజైన్లే, చీరలు చూసి మళ్లీ గీసుకోవచ్చు. నేయనిది దానిమ్మ ఒక్కటే.

ఆ పొద్దు ఖలందర్ ధర్మవరం దాకా పోలేదు, పెనుకొండలో దిగినాడు. ఖైరున్‌బీ టీ గ్లాసు చేతికిచ్చి, "చీర మగ్గమెక్కిందా అప్పా?" అని ఆశగా అడిగింది. అతను తలెత్తకుండా జరిగిందంతా చెప్పినాడు.

ముసలామె తిట్టలేదు. తిట్టినా బాగుండు. పొయ్యిలోంచి ఆరిన బొగ్గు తెచ్చి ఇచ్చింది. "పోనీలే. నీ చేత్తోనే ఎక్కించినావు కదా. ఈ గోడ మింద గీయి, ఒకసారి చూస్తా."

ఖలందర్ ఒక రేక గీసినాడు. చెరిపినాడు. కాడ ఎటు వంగుతుందో గుర్తుకు రాలేదు. గళ్లన్నీ అతనే ఎక్కించినాడు, నిజమే. కానీ గడి తప్పుతుందేమోనన్న భయంతో ఒక గడి తర్వాత ఇంకో గడే చూసినాడు. ఒక్కసారైనా తలెత్తి పువ్వంతా చూడలేదు. ఆమె గీసేటప్పుడేమో మందులకు తిరగడంతోనే సరిపోయింది. చీర మీద చూద్దాంలే అనుకున్నాడు.

"ఏమప్పా, ఎట్లుండె నా బిడ్డ గీసింది?"

బొగ్గు పట్టుకున్న చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. "నేను చూడలేదత్తా," అన్నాడు.