గడీ ముందు దిగని బండి

శామీర్‌పేటలో ఉన్న మా చెల్లెలు కోతపండుగ ఆరాధనకు రమ్మని ఏటేటా పిలుస్తూనే ఉంది. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకునేదాన్ని. అసలు కారణం దారిలో ఉన్న ఒక దొరగారి గడీ. దాని ముందు ఎవరైనా బండి దిగి, చెప్పులు చేతపట్టుకుని, గోడ పొడవునా నడవాలి. పెళ్లయిన కొత్తలో నడిచాను, పిల్లల్ని చంకనెత్తుకుని నడిచాను. ఇప్పుడు అరవై దాటాయి. ఇక దిగేది లేదని నిశ్చయించుకుని ఈసారి బయల్దేరాను.

పొద్దున బొల్లారంలో రైలెక్కితే ఎండ ముదరకముందే మేడ్చల్‌లో దిగవచ్చు. పక్కనున్నావిడ నా సద్దిమూట వైపు రెండుసార్లు చూసిందని దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. స్టేషన్ బయట మల్లయ్య అనే అతని ఎడ్లబండి రూపాయికే కుదిరింది. అంత తక్కువకు ఎందుకు ఒప్పుకున్నాడా అని అప్పుడే అనుమానం. ఊరు దాటగానే అతను పెద్దబాట వదిలి పొలాల్లోకి మళ్లించాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, మెడలో గొలుసు కొంగు కింద దాచుకున్నాను.

“ఏందయ్యా, గిటెటు తీస్కపోతున్నవ్?”

“గడీ బాట తప్పిస్తున్నమ్మా. మోకాళ్లు బాగలేవంటిరి. గాడ దిగి నడవాలె గద.”

దొంగ అనుకున్నవాడు నా మోకాళ్ల గురించి ఆలోచిస్తున్నాడు! సిగ్గేసింది. అయినా, “బండి మర్లియ్యి, పెద్దబాటనే పో” అన్నాను.

“నన్ను కొడ్తరమ్మా!”

“నువ్వు చెప్పులిడిచి నడువు. దిగంది నేనే.”

గడీ దర్వాజ దగ్గర కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు. “దిగవే ముసల్దానా! దొర సూస్తే ఊకుంటడా?”

నాకు భయం వేయలేదంటే అబద్ధం. “మోకాళ్లు వంగయి బిడ్డా. దొరనే పిలువు, ఆయననే దించమను” అన్నాను. వాడు లోపలికి చూశాడు, నావైపు చూశాడు. లోపలినుంచి ఎవరూ రాలేదు. “జల్దీ పో” అని గొణిగి కర్ర తీశాడు. గోడ ఇంకా సగం మిగిలి ఉండగానే మల్లయ్య చెప్పులు తొడుక్కుని బండెక్కాడు.

మధ్యాహ్నానికి చెల్లెలింట్లో అన్నం తింటున్నా నా అనుమానం నన్ను వదల్లేదు. ఆ పూట దొర అసలు ఇంట్లో ఉన్నాడా? ఉన్నాడో లేడో ఒక్కసారైనా అడగకుండా ఇన్నేళ్లూ దిగి నడిచాను. నేను భయపడ్డవాటిలో సగం జరగనేలేదు, జరిగినవేమో నేను భయపడ్డానని ఆగలేదు. ఇది తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట. మేడ్చల్‌లో బండి మాట్లాడేటప్పుడే గడీ బాటన పొమ్మనండి. మీరు దిగకండి. బండివాణ్ని మాత్రం ముందే దిగమనండి, దెబ్బలు పడేది అతనికే. మళ్లీ ఎక్కడ ఎక్కాలో అతనికే వదిలేయండి.