వీన్‌స్ట్రా గారి అమ్మాయి చదివిన చదువు

డాక్టర్ గెరిట్ వీన్‌స్ట్రా దగ్గర నేను ముప్పయ్యేళ్ళు నర్సుగా చేశాను. మిషిగన్‌లో మా ఊళ్ళో నడుము పట్టేసిన ప్రతివాడూ ఆయన బల్ల మీద బోర్లా పడుకున్నవాడే. ఆయన డి.ఓ. డాక్టరు. మందులూ కత్తీ మామూలు డాక్టర్లతో, అంటే ఎం.డి. వాళ్ళతో సమానమే, పైగా ఎముకలూ కండరాలూ చేత్తో సర్దడం కూడా వీళ్ళకు నేర్పుతారు. అయినా ఒకప్పుడు ఎం.డి.లు, తనలాగే డి.ఓ. అయిన ఆయన తండ్రిని ఊరి ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ అవమానాన్ని వీన్‌స్ట్రా గారు నిద్రలో కూడా మరిచేవారు కాదు.

ఆయన కూతురు ఆనెకాకి గుండె డాక్టరు కావాలని పట్టుదల. ఛాతీ కోయకుండా, తొడలోని రక్తనాళం గుండా తీగ పంపి కవాటం మార్చే పని నేర్వాలని. రెండు రకాల కాలేజీల్లోనూ సీటొచ్చింది.

"పై చదువుల్లో ఎం.డి.లకే పెద్దపీట నాన్నా," అంది.

"మీ తాతని గెంటేసినవాళ్ళ కాళ్ళు పట్టుకుంటావా? పో, పోతే మళ్ళీ ఈ గడప తొక్కకు."

ఆమె డి.ఓ.లోనే చేరింది. ఆ తర్వాత గుండె శిక్షణకి ఎక్కడ అడిగినా మొహం మీదే తలుపేశారు. "మీరు వీపులు రుద్దుకోండమ్మా," అని నవ్వాడట ఒక పెద్దమనిషి.

"చూశావా, వాళ్ళ బుద్ధి నేను చెప్పలా!" అని తండ్రి పొంగిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ బుద్ధి తెలిసీ పిల్లని అటు తోసిందెవరు? ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, చివరికి సాధించిందా పిల్ల. పెద్ద ఆసుపత్రిలో ఆ విభాగానికే పెద్దయింది. ఒక్కసారి ఆయన నోట "భేష్" అనిపించుకోవాలన్నదే ఆమెకి మిగిలిన కోరిక.

పోయిన చలికాలం వీన్‌స్ట్రా గారి కవాటమే చెడింది. సొంత తండ్రికి తాను చేయకూడదు గనక, తన చేతికింద తయారైన డాక్టర్ని ఏర్పాటు చేసింది. ముసలాయన నన్ను పక్కకి పిలిచాడు.

"ట్రూడీ, ఆ కుర్రాడు ఎం.డి.యేనా?"

"కాదండీ. మీలాగే డి.ఓ."

"ఇంకెవరూ దొరకలేదా? నడుం సర్దడం వేరు, గుండె జోలికెళ్ళడం వేరు."

ఆనెకా గుమ్మంలోనే ఉంది. తనే కారు నడిపి, పక్క రాష్ట్రంలో ఒక ఎం.డి. దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"మా అమ్మాయండీ. నాలాగే ఏదో చిన్న వైద్యం," అని ఆ ఎం.డి.కి పరిచయం చేశాడు తండ్రి.

పని చక్కగా జరిగింది. కాకపోతే గంటల కొద్దీ కదలకుండా వెల్లకిలా పడుకోవడంతో నడుము పట్టేసింది.

"ప్రాణం పోతోందే తల్లీ. ఓసారి చెయ్యి వెయ్యి. మన వైద్యం వీళ్ళకేం తెలుసు!"

చిన్నప్పుడు ఆయన బల్ల పక్కన నిలబడి నేర్చుకున్న పనే అది. ఆమె చేతిలోని ఒడుపు నాకు తెలుసు. ఆనెకా లేచి కోటు తొడుక్కుంది.

"ఎం.డి. గారిని పిలుస్తానుండు నాన్నా," అని బయటికి నడిచింది.

ఆయన కళ్ళనీళ్ళతో నా వంక చూశాడు. ఇన్నేళ్ళు చూసి చూసి నాకూ ఆ పని కొంత వచ్చు. దుప్పటి మెడదాకా కప్పి, వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.