మా నాగరాజు తాగుబోతు కాదు

నిన్న పొద్దున నేను యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"నాగరాజు పోయినాడు పాపా."

నమ్మలేదు. మొన్ననే ఫోన్‌లో నవ్వాడు వాడు.

మా తమ్ముడు. కళ్యాణదుర్గంలో సైకిల్ షాప్ నాగరాజు అంటే మీలో చాలామందికి తెలుసు.

సాయంత్రం మట్టి చేసి వచ్చినవాళ్ళలోనే ఎవరో అన్నారు, అమ్మకి వినబడేలా. "తాగి తాగి పోయినాడులేప్పా."

అందుకే ఈ పోస్ట్.

మా తమ్ముడు జీవితంలో ఒక్క చుక్క తాగలేదు.

వాడిది పుట్టుకతో వచ్చిన జబ్బు. కణం లోపల కదలాల్సిన కొవ్వులు కదలక ఒక మూల పేరుకుపోతాయి. అవి కాల్షియం పనిని చెడగొడతాయి. ఎముకల్లో కాల్షియం కాదు, కణంలో కబుర్లు మోసే కాల్షియం. కబురు సరిగ్గా అందక మెదడు కణాలు దెబ్బతింటాయి. అడుగు తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది.

బెంగళూరు డాక్టర్లు జబ్బు పేరు చెప్పాకే నేను ఈ రీసెర్చ్‌లోకి వచ్చాను. వాడి కోసమే.

ఇదంతా అమ్మకి చెప్తే, మర్నాటి నుంచి వాడికి ఇష్టమైన శెనక్కాయల పచ్చడి, ఊరిబిండి, బంద్. కొవ్వు కదా! పూటపూటకీ రాగి సంగటి, మజ్జిగ. కాల్షియం కదా!

"నీ సదువు సల్లగుండ, నా నోరు కట్టేస్తివి కదక్కా" అని ఒకటే గోల. నేనే వెళ్ళి, అమ్మకి మళ్ళీ వివరంగా చెప్పి, ఊరిబిండి నూరి పెట్టాను.

ఒకసారి ఇద్దరం అనంతపురం బస్సెక్కుతుంటే కండక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "తాగినోళ్ళని ఎక్కించుకోను, దిగు."

మా వాడు ఆయన మొహం దగ్గరికి వెళ్ళి నోరు బార్లా తెరిచాడు.

"వాసన చూడన్నా. పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాని వాసన కాక ఇంకోటి వస్తే నేనే దిగిపోతా."

బస్సంతా నవ్వింది. వాడు దర్జాగా ముందు సీట్లో కూర్చున్నాడు.

"కళ్ళు దించడు, పొగరు" అని కూడా అన్నారు. జబ్బు వల్ల వాడి చూపు కిందికి దిగేది కాదు.

అయినా ఎందుకు దించాలి? ఏం తప్పు చేశాడని?

చివరికి ముద్ద మింగలేక, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. జబ్బు గెలిచింది. మీ మాటని మాత్రం గెలవనివ్వను.

పోయిరా నాగరాజూ. నువ్వు ప్రశాంతంగా ఉండాలి.

ఆ మాట అన్నవాళ్ళకి మాత్రం, మా ఇంటికొచ్చి అమ్మ ముందు దాన్ని వెనక్కి తీసుకునేదాకా, శాంతి వద్దు.