ఎవరు రాశారో నేనడగలేదు

నాది తాండూరు. నాపరాళ్ల దుమ్ములో పెరిగినదాన్ని. సముద్రాన్ని మొదటిసారి చూసింది చేపల చదువుకు వెళ్లాకే. చదువయ్యాక బందరు దగ్గర ఒక పరిశోధనలో ఉద్యోగం దొరికింది. శాస్త్రవేత్తలూ, వేటకు వెళ్లేవాళ్లూ కలిసి చేసే పని అది. పిల్ల చేపలు వలలో పడి చావడం ఎలా తగ్గించాలో తేల్చాలి. ఎక్కడ వల వేశారో, ఎన్ని పిల్లలు పడ్డాయో వేటకు వెళ్లేవాళ్లు పుస్తకంలో రాయాలి. తేలిందేమిటో మేం తిరిగొచ్చి ఊరికి చెప్పాలి. చేపలు ఎండబెట్టే ఇసుకలో నిలబడి ఆ మాట ఇచ్చింది నేనే.

చాలామంది కొన్నాళ్లకే విసిగి మానేశారు. ఒక పడవాయన మాత్రం రెండేళ్లు రాసి, పుస్తకం నా చేతికిచ్చాడు.

"ఏరు సముద్రంలో కలిసే చోటుకి గాలి తిరిగిన రోజుల్లో చందువా చేప పిల్లలొస్తాయండి. ఆ నాలుగు రోజులూ అక్కడ వలెయ్యకపోతే చాలు. పుస్తకంలో చూడండి, తెలుస్తది" అన్నాడు.

చూశాను. నిజమే. పెద్ద సమావేశంలో అదే సంగతిని 'మా విశ్లేషణలో తేలింది' అని చదివాను. చప్పట్లు కొట్టారు. నివేదికలో ఆయన వాటా 'స్థానికుల సహకారంతో' అన్న రెండు మాటలే. తర్వాత ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. తీరిక లేక కాదు, ఆయనతో నాకు పని తీరిపోయింది కనుక.

కొన్నేళ్లకు వికారాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ సముద్రం లేదు, నీటి ప్రాజెక్టులో చేపలు పట్టే సంఘాలున్నాయి. మొన్న ఎండాకాలం ధారూర్ వైపు సంఘానికి శిక్షణ పెట్టాం. బందరు పని గురించి గొప్పగా చెప్పి, "మీరూ ఇలాగే రాయండి, కలిసి నేర్చుకుందాం" అన్నాను. తాండూరు మార్కెట్లో చేపలమ్మే పెద్దావిడ ఒకామె లేచింది.

"గా సముద్రం కాడ రాసినోళ్లకు మల్లవొయ్యి చెప్పిన్రా మేడం, ఏం తేలిందో?"

"చెప్పినం" అన్నాను. అబద్ధం అంత సులువుగా వచ్చింది.

ఆమె "గట్లనా, మంచిది" అని కూర్చుంది. నమ్మింది. నా ముఖం వేడెక్కిపోయింది. ఆ తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. ఇంటికెళ్లే తాండూరు రైల్లో ఎవరి ముఖమూ చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున పడవాయనకు ఫోన్ చేశాను. చేసిందంతా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"పుస్తకం మీ కాడుందా అండీ? మా ఆవిడ అడుగుతా ఉంటది. నాకు రాత రాదు గదా, నేను చెప్తే రాసిందంతా ఆవిడే."

రెండేళ్ల ఆ చేతిరాత అంతా చదివాను. అది ఎవరిదని ఒక్కసారీ అడగలేదు.

సంఘానికి మరోసారి శిక్షణ పెట్టి, వాళ్లిద్దర్నీ రమ్మని బతిమాలాను. బందరు నుంచి బీదరు వెళ్లే రైల్లో వికారాబాద్‌లో దిగారు. పడవాయన భార్య సన్నగా, నిటారుగా ఉంది. పుస్తకం ఇస్తే తెరవకుండా చీర కొంగులో చుట్టుకుంది.

సమావేశంలో ముందు నేనే లేచాను. "ఆరోజు అబద్ధం చెప్పిన. మల్లవొయ్యి చెప్పలేదు. తెలుసుకున్నది వీళ్లు, రాసింది ఈమె, పేరు నాది అయింది." చేపలమ్మే పెద్దావిడ నావైపు చూడకుండా పడవాయన భార్య వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు బిడ్డా. ఎట్ల రాసినవ్?"

ఆమె గంటసేపు చెప్పింది. పిల్ల చేపల్ని వేరే బుట్టలో వేసి లెక్కపెట్టడం, ఆయన మరిచిపోయిన చోటు పేరు గుచ్చిగుచ్చి అడిగి రాబట్టడం. నా పాఠాలప్పుడు బయటకెళ్లి బీడీలు తాగేవాళ్లు ఆరోజు కదల్లేదు. చివరికి సంఘం రాయడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద: రెండు పుస్తకాలు రాస్తారు, ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది.

స్టేషన్లో క్షమించమని ఇద్దర్నీ అడిగాను.

"నాకింకా కోపం పోలేదండీ," అందామె. "పిలిచారు కాబట్టి వచ్చాం. ఇక్కడ చెప్పిన మాట మా ఊరొచ్చి మావాళ్ల ముందు చెప్పండి. అప్పుడు చూద్దాం."

నివేదికలో ఇద్దరి పేర్లూ చేర్చమని పాత ఆఫీసుకు రాశాను. ముద్రణ అయిపోయింది, వీలుకాదన్నారు. పోయిన నెల బందరు వెళ్లాను. అదే ఇసుకలో నిలబడి, తేలిందేమిటో, నేను దాచిందేమిటో చెప్పాను. సగంలో కొందరు లేచి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు మిగతా సగం చెప్పాను.